పెరట్లో బ్లాక్ కరెంట్ నాటవచ్చా? పక్కింటి పైన్ చెట్ల సంగతేమిటి?

హడ్సన్ లోయ పెరడు:

అందరికీ నమస్కారం. మేము న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ నది లోయలో ఉంటున్నాం. ఇంటి వెనక ఉన్న కాస్త చోటులో తొమ్మిదేళ్లుగా గోంగూర, బీర, మిరప వేసుకుంటున్నాం కానీ, అక్టోబరులో మంచు పడిన మొదటి రాత్రికే అవన్నీ ఉడకబెట్టినట్టు వాడిపోతాయి, మళ్లీ మే నెలలో విత్తనం దగ్గర నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. అందుకని ఈసారి ఇక్కడి చలిలోనే సుఖంగా బతికి, ఒకసారి నాటితే పది పదిహేనేళ్లు కాసే పొద ఏదైనా వేద్దామని ఆలోచించి బ్లాక్ కరెంట్‌ను ఎంచుకున్నాను. మనవాళ్లలో చాలామందికి ఈ పేరు ఐస్‌క్రీమ్ దగ్గర తెలిసినదే తప్ప, కాయను కళ్లారా చూసినవారు తక్కువ. మన కిరాణా కొట్లలో ఆ పేరుతో దొరికేవి చాలాసార్లు ఎండబెట్టిన నల్ల ద్రాక్షలే. అసలు కాయ కామంచి పండు కంటే కాస్త పెద్దదిగా, నల్లగా నిగనిగలాడుతూ గుత్తులుగా వేలాడుతుంది. కోసి నోట్లో వేసుకుంటే పులుపు, వగరు, వాటితోపాటు మరే పండులోనూ లేని ఒక ఘాటు వాసన.

నర్సరీలో రెండు మొక్కలకు డబ్బు కట్టి, గుంతలు తవ్వడం మొదలుపెట్టాను. కంచె అవతల నుంచి పక్కింటి పెద్దాయన చూసి, ఏం నాటుతున్నారని అడిగారు. పేరు చెప్పగానే ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ పొద వల్ల తెల్ల పైన్ చెట్లకు తుప్పు తెగులు వస్తుందనీ, తన చిన్నతనంలో ఈ రాష్ట్రంలో దాన్ని పెంచనిచ్చేవారు కాదనీ, తన స్థలంలో ఉన్న మూడు పైన్ చెట్లు తన తండ్రి నాటినవనీ తరువాత చెప్పారు. కోపగించుకోలేదు, నాటవద్దని కూడా అనలేదు.

చదివి చూస్తే ఆయన చెప్పింది నిజమే. గత శతాబ్దపు తొలి ఏళ్లలో యూరప్ నుంచి తెచ్చుకున్న పైన్ నారుతో ఈ శిలీంధ్రం తూర్పు అమెరికాకు చేరింది. 1906లో మా రాష్ట్రంలోని జెనీవా పట్టణంలో కరెంట్ ఆకుల మీద దాన్ని గుర్తించారు. ఆ తరువాత ప్రభుత్వాలు ఈ పొదలను నిషేధించడమే గాక, మనుషులను పెట్టి అడవుల్లో ఉన్నవాటిని సైతం వేళ్లతో పెరికించాయి. 1966లో కేంద్రం ఆంక్షలు ఎత్తివేసి నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. న్యూయార్క్ 2003లో నిషేధాన్ని సడలించింది. అందుకోసం పట్టుబట్టి తిరిగిన రైతు గ్రెగ్ క్విన్ పొలం మా ప్రాంతంలోనే ఉంది. నేను కొన్న మొక్కలు టైటానియా అనే స్వీడన్ రకం, అంటే తెగులును తట్టుకునేవిగా పేరున్నవి. చట్టానికి అభ్యంతరం లేదు, రకం మంచిదే. అయినా ఆ మూడు చెట్ల పక్కన వీటిని నాటడం న్యాయమేనా అన్నది తేల్చుకోలేక మిమ్మల్ని అడుగుతున్నాను.

మెయిన్ అడవి:

నేను మెయిన్ రాష్ట్రంలో అడవి పనుల్లో ఉన్నాను. తెల్ల పైన్ మా రాష్ట్ర వృక్షం. బ్లాక్ కరెంట్‌ను, తెగులు తట్టుకునే రకాలతో సహా, ఇక్కడ రాష్ట్రమంతటా ఇప్పటికీ నాటనివ్వరు. మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు నాటవద్దనే. ఎందుకో చెప్పాలంటే ఈ తెగులు ఎలా తిరుగుతుందో ముందు చెప్పాలి.

ఇది ఒక పైన్ నుంచి మరో పైన్‌కు నేరుగా సోకలేదు. మధ్యలో కరెంట్ లేదా దాని దగ్గరి బంధువైన గూస్‌బెర్రీ (మన ఉసిరి కాదు) జాతి ఆకు ఉండి తీరాలి. వసంతంలో తెగులు సోకిన పైన్ బెరడు మీద పొక్కులు లేచి, పగిలి, నారింజ రంగు శిలీంధ్ర బీజాలు గాలిలో కలుస్తాయి. అవి వందల కిలోమీటర్లు పోగలవు, అయితే పడవలసింది కరెంట్ ఆకు మీదే. వేసవిలో ఆ ఆకును తిప్పి అడుగు భాగాన్ని బొటనవేలితో రుద్దితే పసుపూ కుంకుమా కలిపినట్టు పొడి అంటుతుంది. ఆ పొడి ఒక ఆకు నుంచి మరో ఆకుకు, ఒక పొద నుంచి మరో పొదకు వేసవి అంతా పాకుతుంది. ఆగస్టు వచ్చేసరికి అక్కడే గోధుమ రంగు నూగు మొలుస్తుంది, ఆ నూగు నుంచి పుట్టే సున్నితమైన బీజాలే తిరిగి పైన్ సూదుల, అంటే సూదుల్లాంటి దాని ఆకుల మీదకు వెళ్తాయి. ఇవి ఎండకూ పొడిగాలికీ నిలవవు కనుక సాధారణంగా 300 మీటర్లు దాటి హాని చేయలేవు. రెండు రోజుల పాటు ఆకులు తడిగా ఉండి, వాతావరణం 20 డిగ్రీలకు మించకుండా ఉంటే మాత్రం వాటి పని సాగిపోతుంది. హడ్సన్ లోయలో సెప్టెంబరు ముసురు అలాంటిదే కదా.

సూది మీది రంధ్రంలోంచి దూరిన తెగులు కొమ్మకూ, కొమ్మ నుంచి మానుకూ చేరడానికి ఏళ్లు పడుతుంది. పోయిన మే నెలలో ఒక చెట్టును చూశాను, నా నడుము చుట్టుకొలత కూడా లేదు. ఛాతీ ఎత్తున బెరడు ఉబ్బి, దాని అంచున పసుపు పట్టె, మధ్యలో జిగురు కారి గట్టిపడి ఉంది. ఉడుతలు ఆ ఉబ్బును కొరికి తిన్నాయి. పుండు మాను చుట్టూ ముప్పాతిక దాకా తిరిగింది. అది పూర్తిగా చుట్టుకున్న నాడు పైభాగమంతా ఎండిపోతుంది. అప్పటికి ఆ తెగులు ఏ ఇంటి పొద నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు, పొద నాటిన మనిషి ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయి కూడా ఉండవచ్చు. నన్ను బాధించేది అదే.

మీ పక్కింటివారి చెట్లు మీ గుంతల నుంచి 300 మీటర్ల లోపలే కదా ఉన్నది?

మాంచెస్టర్ అలాట్‌మెంట్:

మెయిన్ గారు చెప్పిన తెగులు వివరాల్లో తప్పు లేదు, కానీ ఆయన చేరిన ముగింపుతో నేను ఏకీభవించలేను. ఇంగ్లండ్‌లో నేను అద్దెకు తీసుకున్న తోటముక్కలో పదకొండేళ్లుగా ఆరు బ్లాక్ కరెంట్ పొదలు ఉన్నాయి, ఇరుగుపొరుగు తోటల్లో ఇంకెన్నో ఉన్నాయి. ఈ దేశంలో ఇది పిల్లల పండు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నారింజలు దిగుమతి కాకపోతే ప్రభుత్వమే దీని సాగును ప్రోత్సహించి, పండ్ల పాకాన్ని చిన్నపిల్లలకు ఉచితంగా పంచింది. నారింజలో వంద గ్రాములకు సి విటమిన్ 50 మిల్లీగ్రాములకు కాస్త పైన ఉంటే, ఇందులో సుమారు 180 ఉంటుంది. అలాంటి మొక్కను ఒక తరం అమెరికన్లకు పేరు కూడా తెలియకుండా చేసిన నిషేధం అది.

అమెరికా అడవుల్లో ఈ జాతి అడవి పొదలు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. దశాబ్దాల పాటు వేలమంది పెరికినా పోలేదు, ఎందుకంటే వాటి విత్తనాలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి మళ్లీ మొలుస్తాయి. అడవిలో వాటిని ఉండనిచ్చి, పెరట్లో తెగులు తట్టుకునే రెండు మొక్కలు పెట్టుకుందామన్న ఇల్లాలిని ఆపడం వల్ల పైన్‌కు ఒరిగేదేమిటి?

నాటాలనుకుంటే ఇది విని నాటండి. కుండీలో మట్టి ఎంతవరకు ఉందో చూసి దానికి రెండు అంగుళాలు లోతుగా పాతాలి. అప్పుడే మట్టిలోంచి కొత్త కొమ్మలు గుంపుగా లేస్తాయి. పాతిన వెంటనే ప్రతి కొమ్మనూ నేల నుంచి రెండు కణుపులు ఉంచి కోసేయాలి. డబ్బు పెట్టి కొన్న మొక్కను అలా నరకడానికి చేతులు రావు. నాకూ మొదటి ఏడాది మనసొప్పక వదిలేస్తే, మూడేళ్ల వరకు రెండే కొమ్మలతో గడకర్రల్లా నిలబడ్డాయి. పొదకూ పొదకూ ఐదడుగుల ఎడం ఇచ్చి, చివికిన పశువుల ఎరువు మొదట్లో దండిగా పరచండి. ఇది తిండిపోతు మొక్క. కాపు ఎక్కువగా నిరుటి కొమ్మ మీద వస్తుంది కనుక, నాలుగో ఏట నుంచి ప్రతి శీతాకాలం నల్లబడిన పాత కొమ్మల్లో మూడో వంతు మొదలంటా తీసేయాలి. చలికాలంలో కొన్ని మొగ్గలు బఠాణీల్లా గుండ్రంగా ఉబ్బి కనిపిస్తే వాటిలో కంటికి కనపడని నల్లులు చేరాయన్న మాట. అవి మోసుకొచ్చే వైరస్ పడితే పూత వస్తుంది గానీ కాయ రాదు, ఆ పొదను తవ్వి తగలబెట్టక తప్పదు. బాగా కుదిరిన పొద నాలుగైదు కిలోలు కాస్తుంది. మా ఇంట్లో సగం జామ్ చేస్తారు, మిగతా సగాన్ని మా అత్తగారు ఎండుమిర్చి, మెంతులు, ఇంగువ వేసి నూరి పచ్చడి చేస్తారు. వేడి అన్నంలో ఆ పచ్చడి చింతకాయకు ఏమీ తీసిపోదు.

హైదరాబాద్ మిద్దెతోట:

చర్చకు అడ్డం వస్తున్నందుకు మన్నించండి. మిద్దె మీద పెద్ద కుండీలో, నీడ వల కింద దీన్ని పెంచవచ్చా? ఆన్‌లైన్‌లో విత్తనాలు అమ్ముతున్నారు.

మాంచెస్టర్ అలాట్‌మెంట్:

వద్దండీ, డబ్బు వృథా. శీతాకాలంలో 7 డిగ్రీలకు దిగువన కనీసం ఎనిమిది వందల గంటలు, కొన్ని రకాలకు అంతకు రెట్టింపు గడిస్తే గానీ మొగ్గలు సరిగ్గా విచ్చుకోవు. హైదరాబాద్‌లో అన్ని గంటల చలి ఎక్కడిది? పుల్లటి పండ్ల పొద కావాలంటే వాక్కాయ పెట్టుకోండి. పప్పులోకీ పచ్చడికీ అదే మేలు.

అనంతపురం వేరుశనగ:

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ప్రస్తుతం కనెక్టికట్ రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మాంచెస్టర్ గారి కత్తిరింపు పాఠం చాలా బాగుంది. అయితే రెండు విషయాలు మనవి చేయాలి.

మొదటిది మా జిల్లా అనుభవం. 2000 సంవత్సరంలో అనంతపురంలో వేరుశనగ చేలు కాండం కుళ్ళి, చిగుర్లు మాడి, రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతిన్నాయి. రైతులు తెచ్చి చూపించిన మొక్కలను చూసి మొదట మాకెవరికీ అంతుపట్టలేదు. తరువాత శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, ఆ వైరస్‌కు నిలయం గట్ల మీద పెరిగే వయ్యారిభామ. దానికి సోకినా పైకి ఏ లక్షణమూ కనపడదు. దాని పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ ఆకుల మీదకు మోసుకొస్తే, పురుగు గీరిన గాట్లలోంచి వైరస్ లోపలికి పోతుంది. చేనును ఎంత శుభ్రంగా ఉంచుకున్న రైతుకైనా పొరుగువాడి గట్టు వల్ల నష్టం వచ్చింది. అప్పటి నుంచి ఒక మొక్క ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన అది నిరపాయకరమని నేను నమ్మను. బ్లాక్ కరెంట్ పరిస్థితి దానికి చాలా దగ్గర: తెగులు పడినా పొద చావదు, ఆకులు కాస్త ముందుగా రాలుతాయి, మరుసటి ఏడాది మళ్లీ కాస్తుంది. నష్టమంతా పైన్ చెట్టుది.

రెండవది టైటానియా గురించి. తట్టుకునే రకాలుగా పేరుపడ్డవాటిలో ముఖ్యమైనవాటి బలమంతా ఒకే జన్యువు నుంచి వచ్చింది. తూర్పు ఆసియాకు చెందిన ఒక అడవి కరెంట్‌లో దాన్ని గుర్తించి, కెనడాలో ఒట్టావా శాస్త్రవేత్తలు తోట రకాలతో సంకరం చేసి కన్సార్ట్, క్రుసేడర్, కొరొనెట్ అనే మూడు రకాలు తీశారు. టైటానియా ఆ కన్సార్ట్ సంతానమే. న్యూయార్క్ నిషేధం సడలించినప్పుడు అందరూ నమ్ముకున్నది ఈ జన్యువునే. అయితే 2011లో, నేనిప్పుడు ఉంటున్న ఈ కనెక్టికట్‌లోనే, ఎన్నడూ తెగులు సోకదనుకున్న పొదల ఆకుల మీద తుప్పు కనిపించింది. శిలీంధ్రంలో ఆ జన్యువును దాటగల కొత్త రూపం పుట్టిందని పరీక్షల్లో తేలింది. ఒకే జన్యువు మీద నిలబడిన నిరోధకత కొన్నేళ్లకు కూలిపోవడం గోధుమ తుప్పులోనూ చూశాం. కనుక హడ్సన్ గారు 'రకం మంచిదే' అన్నమాట 2003 నాటికి సరైనది. ఇవాళ దాని మీద అంత భారం మోపకూడదు.

మాంచెస్టర్ అలాట్‌మెంట్:

పెద్దలు మీరు చెప్పిన కనెక్టికట్ విషయం నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను, ఆ వాదన బలమైనది. కానీ వయ్యారిభామ పోలిక నా వైపు కూడా పనిచేస్తుంది. అనంతపురంలో వయ్యారిభామను ఎవరైనా పూర్తిగా తొలగించగలిగారా? లేదు, విత్తనశుద్ధి చేసుకుని, చేను చుట్టూ జొన్న, సజ్జ సాళ్లు వేసుకుని రైతు దానితోనే సేద్యం నేర్చుకున్నాడు. పైన్ విషయంలోనూ కింది కొమ్మలు తీసేసి గాలి ఆడేలా చేస్తే తెగులు తగ్గుతుందని అటవీ శాఖలే చెబుతున్నాయి. పొదను నిషేధించే బదులు ఆ పని చేయించకూడదా?

మెయిన్ అడవి:

కింది కొమ్మలు తీయడం మేము చేసే పనే. నేలకు దగ్గరగా తడి ఎక్కువసేపు నిలుస్తుంది గనుక తెగులు ముందుగా అక్కడే పడుతుంది. దానివల్ల లాభం ఉంది, కానీ లేత మొక్కలకు అది చాలదు, కొండల మీద లక్షల చెట్లకు ఎవరూ చేయలేరు.

అడవి పొదలు ఎలాగూ ఉన్నాయి కదా అన్న మాటకు జవాబు చెప్పాలి. అన్ని కరెంట్లూ ఒకటి కావు. తోటలో పెంచే యూరప్ బ్లాక్ కరెంట్ ఈ తెగులుకు అన్నిటికంటే త్వరగా లొంగే మొక్కల్లో ఒకటి, దాని ఆకు మీద పుట్టే బీజాల సంఖ్య మా అడవి గూస్‌బెర్రీల కంటే చాలా ఎక్కువ. పెరికివేత వృథా అయిందన్నది కూడా పశ్చిమాన నిజం, తూర్పున కాదు. మెయిన్‌లో పొదలు తీసిన అడవుల్లో తెగులు, తీయనివాటితో పోలిస్తే సగానికి పైగా తక్కువ. పశ్చిమాన కొండలు నిటారైనవి, అడవి పొదలు లెక్కలేనన్ని, అక్కడ ఓడిపోయాం. ఐడహోలో తెల్ల పైన్ అడవులు దాదాపు మాయమయ్యాయి. ఎత్తైన శిఖరాల మీద పెరిగే వైట్‌బార్క్ పైన్‌ను 2022 డిసెంబరులో ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. దాని గింజలు తిని బతికే ఎలుగుబంట్లు, పక్షులు కూడా ఆ నష్టంలో భాగస్థులే.

మాంచెస్టర్ గారికి ఒక్క మాట. మీ దేశంలోనూ ఈ పైన్ ఉండేది. 18వ శతాబ్దం మొదట్లో అమెరికా నుంచి తెప్పించి, వేమౌత్ పైన్ అని పేరు పెట్టి ఎస్టేట్లలో నాటారు, కలప కోసం పెద్దగా పెంచాలనుకున్నారు. ప్రతి తోటలోనూ బ్లాక్ కరెంట్ ఉన్న దేశంలో అది నిలవలేదు, ఈ తుప్పు దాన్ని తినేసింది. యూరప్‌కు ఆ చెట్టు పరాయిది గనుక పొదను ఉంచుకుని చెట్టును వదులుకోగలిగింది. మాకు అది సొంత అడవి.

మాంచెస్టర్ అలాట్‌మెంట్:

ఈ చరిత్ర విన్నాక మా తోటల్లో ఆ పైన్ ఎందుకు కనిపించదో అర్థమైంది. అయినప్పటికీ, కట్టకు ఐదేసి సూదులుండే తెల్ల పైన్ జాతి చెట్లు దరిదాపుల్లో లేని ఇళ్లకు కూడా రాష్ట్రమంతటా నిషేధం వర్తింపజేయడం సరికాదనే నా అభిప్రాయం. దూరాన్ని బట్టి నియమం ఉండాలి.

హడ్సన్ లోయ పెరడు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పక్కింటి పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఆయన చెట్లను చూపించమని అడిగాను. కింది కొమ్మ ఒకటి వంచి సూదులు లెక్కపెట్టాం. ఒక్కో కట్టకు ఐదు ఉన్నాయి, మెత్తగా, నీలి ఛాయతో. మా గుంతల నుంచి మొదటి చెట్టుకు 64 అడుగులు వచ్చింది. మూడు చెట్ల బెరడూ శుభ్రంగా ఉంది, పొక్కులు లేవు, జిగురు లేదు. మాంచెస్టర్ గారి మాట గుర్తుకు వచ్చి కింది కొమ్మలు తీయించుకోమని ఆయనకు చెప్పాను. మా వారు నిచ్చెన తెచ్చి ఈ శనివారం ఆ పని చేస్తామన్నారు. వెనక్కి వస్తూ చూస్తే, మా కంచె మూలన ఆయన చెట్టు గింజ నుంచి మొలిచిన పైన్ పిల్ల ఒకటి మోకాలెత్తు ఉంది. ఇన్నాళ్లూ దాన్ని కలుపు మొక్క అనుకుని కోయబోయి, వీలుకాక వదిలేశాను.

అనంతపురం పెద్దలు చెప్పిన కనెక్టికట్ సంగతి లేకపోతే బహుశా నాటేసేదాన్నే. మా ఊరి నుంచి ఆ సరిహద్దు గంట ప్రయాణం కూడా లేదు. నర్సరీకి ఫోన్ చేసి టైటానియా మొక్కలు వద్దన్నాను; కట్టిన డబ్బుకు వేరే మొక్కలు తీసుకోమన్నారు. బ్లూబెర్రీ అడిగితే మట్టి బాగా ఆమ్లంగా, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలన్నారు. మాది పరీక్షిస్తే 6.4 వచ్చింది. గుంతలు తవ్వి సిద్ధంగా ఉన్నాయి. గంధకం ఎంత వేయాలో, వేశాక ఎన్నాళ్లు ఆగి నాటాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

అనంతపురం వేరుశనగ:

గంధకం మట్టిలో కరిగి పనిచేయడానికి నెలలు పడుతుందమ్మా. ఈ శరదృతువులోనే వేసి కలిపి, మొక్కలు వచ్చే వసంతంలో నాటుకోండి. ఈలోగా మట్టిని మరోసారి పరీక్ష చేయించండి. మోతాదు మీ మట్టి ఇసుకదా, బంకదా అన్నదాన్ని బట్టి మారుతుంది. పిడికెడు మట్టి తడిపి ముద్ద చేసి, వేళ్ల మధ్య పట్టీలా సాగదీసి, ఎంత పొడవున తెగిందో రాయండి. అది చూసి లెక్క చెబుతాను.